టోపీ ఆసామి, టై పెద్దమనిషి

మా కెల్బర్గ్ హైస్కూల్లో సంగీతం చెప్పిన ఆర్విడ్ టోలెఫ్సన్ గారికి ఒకే ఒక్క జబ్బు ఉండేది. ఆయనకి ఆయనంటే పడేది కాదు.

బ్యాండుకి ఆయనే మాస్టారు. ఆర్కెస్ట్రాకీ ఆయనే మాస్టారు. ఈ సంగతి నెబ్రాస్కాలో మా జిల్లా అంతటికీ తెలుసు, ఆయనకి తప్ప. బ్యాండు గదిలో ఉన్నంతసేపూ నెత్తిమీద ఎర్రటి బేస్‌బాల్ టోపీ ఉండేది, గొంతు మొక్కజొన్న చేలు దాటి హైవే దాకా వినిపించేది. గంట కొట్టగానే రెండు గదులకీ మధ్య ఉన్న సామాన్ల గదిలోకి ఒక తలుపులోంచి దూరేవాడు. నలభై సెకన్ల తరవాత రెండో తలుపులోంచి ఆర్కెస్ట్రా గదిలోకి వచ్చేవాడు. అప్పుడు టోపీ ఉండేది కాదు. మెడకింద ఆకుపచ్చ చుక్కల బో టై ఉండేది. గొంతు లైబ్రరీలో మాట్లాడుతున్నట్టు ఉండేది. పైగా మొహంలో, పక్కగదిలో ఎవరో మోటు మనిషి కాపురం ఉంటున్నట్టు ఒక బాధ.

నేను తొమ్మిదో తరగతిలో చేరిన రోజున పొద్దున్నే బ్యాండులో హార్న్ పట్టుకుని కూర్చుని పేరు చెప్పాను. మధ్యాహ్నం ఆర్కెస్ట్రాలో, వయోలిన్‌కి అక్కలాంటి వయోలా పట్టుకుని కూర్చున్నాను. ఆయన నా ముందు ఆగి మర్యాదగా అడిగాడు.

"నీ పేరేమిటమ్మా?"

"పొద్దున చెప్పాను కదా సార్. మార్లిస్ విబర్గ్."

"పొద్దున ఎవరికి చెప్పావు?"

"మీకే సార్."

"నాకు కాదు. ఆ టోపీ ఆసామికి చెప్పి ఉంటావు. ఆయనకి చెప్పినవి నాదాకా రావు. మా ఇద్దరికీ మాటల్లేవు."

నేను నవ్వబోయాను. పక్కనున్న, చెల్లో వాయించే పిల్ల నా కాలు తొక్కింది. నవ్వకూడదట. ఇక్కడ ఇదంతా నిజమేనట.

అంతకు మూడేళ్ళ కిందట ఆర్కెస్ట్రా చెప్పే మిస్ లిండాల్ రిటైరైంది. స్కూలు బోర్డువాళ్ళు ఆ ఉద్యోగంలో కొత్తవాళ్ళని వెయ్యకుండా, బ్యాండు మాస్టారునే అదీ చూసుకోమన్నారు. అప్పుడు ఆయన ప్రిన్సిపాల్ మిసెస్ హేగెడోర్న్‌తో అన్నాడట: "ఒక మనిషి రెండు పనులు చేస్తే రెండూ సగం సగమే అవుతాయి. ఈ పనికి ఇద్దరుండాలి." ఆవిడ "అలాగే ఉండండి" అందట విసుగ్గా. ఆ మర్నాటి నుంచి ఉన్నారు.

అసలు వేడుకంతా ఉత్తరాలది. బ్యాండు మాస్టారు ఆర్కెస్ట్రా మాస్టారుకి టైపు చేసి ఉత్తరం రాసేవాడు, నకలు ప్రిన్సిపాల్‌కి. "మీ వయోలిన్ల పిల్లలు నా కుర్చీలమీద రాళ్ళపొడి రాల్చి పోతున్నారు. మా ట్యూబా వాళ్ళు జారిపడుతున్నారు." దానికి జవాబు అదే రోజు వచ్చేది, అదే టైపు మిషను మీద: "అది విల్లుకి రాసే గుగ్గిలం. రాళ్ళపొడి కాదు. తేడా తెలియకపోవడం మీ తప్పు కాదు, మీ చదువు తప్పు."

నేను చేరిన ఏడాది శీతాకాలానికి ముందు, స్కూల్లో ఉన్న ఒక్క జత నగారాల కోసం ఇద్దరికీ పెద్ద గొడవ వచ్చింది. నగారాలు మంగళవారం బ్యాండు దగ్గరున్నాయి, బుధవారం ఆర్కెస్ట్రాకి పంపలేదు. టై పెద్దమనిషి టోపీ ఆసామి మీద రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాడు. మిసెస్ హేగెడోర్న్ ఎంత విసిగిపోయిందంటే, "రండి, ఇద్దరూ కూర్చోండి, ఇవాళ తేల్చేద్దాం" అని తన గదిలో రెండు కుర్చీలు వేయించింది. ఆయన ఒక కుర్చీలో కూర్చుని టోపీ పెట్టుకుని తన వాదన చెప్పాడు. లేచి రెండో కుర్చీలో కూర్చుని టై పెట్టుకుని ఖండించాడు. మళ్ళీ లేచాడు. అయిదోసారి కుర్చీ మారేసరికి ఆవిడ బల్లమీద గుద్దింది.

"ఒకళ్ళు మాట్లాడుతుంటే ఇంకొకళ్ళు అడ్డురాకండి. ఇక మీరిద్దరూ బయటికి నడవండి."

అనేశాక గానీ ఏమన్నదో ఆవిడకి తెలియలేదు. బయట గుమాస్తా ఆవిడ ఈ మాట విని మధ్యాహ్నానికల్లా స్కూలంతా చాటింది.

పిల్లలం కూడా రెండు పార్టీలయ్యాం. ఆగస్టులో బళ్ళు తెరవకముందే బ్యాండువాళ్ళకి కవాతు శిక్షణ ఉండేది. కార్లు నిలిపే తారు మైదానంలో, కింద చెప్పులు అంటుకుపోతుంటే, దోమలు ముసురుతుంటే, నిచ్చెన చివర నిలబడి టోపీ మాస్టారు అరిచేవాడు: "ఆ పక్కగదివాళ్ళు కూర్చుని వాయిస్తారు. ఎవరైనా వాయిస్తారు కూర్చుని. మనం నడుస్తూ వాయిస్తాం. ఎడమ, ఎడమ. గ్వెన్, అది నీ ఎడమ కాదు." గ్వెన్ పవెల్కా మా ట్యూబా పిల్ల. నా ప్రాణస్నేహితురాలు. అంత పెద్ద ఇత్తడి ట్యూబాని భుజానేసుకుని నడుస్తుంటే వెనకనుంచి ట్యూబాకే కాళ్ళొచ్చినట్టుండేది. సెప్టెంబరులో టై మాస్టారు వయోలా పిల్లలకి మెల్లగా చెప్పేవాడు: "ఎండలో గెంతుతూ వాయించేదాన్ని వ్యాయామం అంటారు. మంచిదే, ఆరోగ్యానికి." గ్వెన్‌కి ఈ మాట చేరేస్తే అది రెండు రోజులు నాతో మాట్లాడేది కాదు, అన్నది నేనే అయినట్టు.

ఇక నా సంగతి. పదకొండో తరగతిలో, అక్టోబరులో, పాత విద్యార్థులందరూ ఊరికొచ్చే ఫుట్‌బాల్ ఆట రోజున, ఆట సగంలో మా బ్యాండు మైదానంలోకి దిగింది. అరవై రెండుమంది కుడికి తిరిగారు. నేను ఎడమకి తిరిగాను. తిరిగి, నా హార్న్ నేను గర్వంగా ఊదుకుంటూ, ఒక్కదాన్నే అవతలి జట్టు గోలు వైపు నలభై గజాలు నడిచాను. జనం చప్పట్లు కొడుతుంటే నన్ను చూసి మెచ్చుకుంటున్నారనుకున్నాను. మైకులో ప్రకటనలు చెప్పే ఆయన, "మిస్ విబర్గ్ మనల్ని వదిలి వెళ్తున్నట్టున్నారు" అన్నాడు.

సోమవారం పొద్దున టోపీ మాస్టారు నన్ను వదల్లేదు. "నీకు దిక్కులు తెలుసా? సూర్యుడు ఎటు ఉదయిస్తాడో తెలుసా? పోనీ ఈ గదికి తలుపెటుందో తెలుసా?" అందరూ నవ్వారు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

మధ్యాహ్నం వయోలా మీద గడ్డం ఆనించి కూర్చున్నాను గానీ విల్లు కదల్లేదు. టై మాస్టారు వచ్చి పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"ఏమైందమ్మా?"

"మీరు... ఆయన తిట్టారు సార్."

"ఏమన్నాడు?"

చెప్పాను. ఎవరికి చెబుతున్నానో గుర్తుంచుకునే చెప్పాను. అయినా చెబుతుంటే, ఏం వింతో, నిజంగానే వేరే మనిషికి చెప్పుకుంటున్నట్టుంది. ఆయన నాలుక చప్పరించాడు.

"పిల్లల ముందు అలా అనడం సంస్కారం కాదు. ఆయన సంగతి నీకు తెలియదు. కుర్రతనంలో ఊరేగింపులో గుర్రాల వెనకాల బ్యాండు నడిపిస్తూ, గుర్రం ఎటు పోతే అటు పోయి, బ్యాండునంతా తీసుకెళ్ళి పశువుల కొట్టంలో నిలబెట్టాడు. వెనక నలభైమంది."

"మీకెలా తెలుసు సార్?"

"ఊరంతా తెలుసు. నేను ఆయనతో మాట్లాడతాలే. నువ్వు వాయించు."

మర్నాడు పొద్దున కవాతుకి టోపీ మాస్టారు చిటపటలాడుతూ వచ్చాడు. నా ముందు ఆగి, నావైపు చూడకుండా అన్నాడు: "నిన్న సాయంత్రం ఆ టై పెద్దమనిషి నన్ను నానా మాటలూ అన్నాడు. చాడీలు ఎవరు మోశారో నేనడగను." గొంతు తగ్గించి, "నీ కవాతు కాగితం మీద బాణం గుర్తు సరిగ్గా గియ్యలేదు. తప్పు నాది" అని నిచ్చెనెక్కాడు. ఆ రోజు నా హార్న్ ఎంత బాగా పలికిందో చెప్పలేను.

డిసెంబరు కచేరీ అయింది, మంచు పడింది, ఫిబ్రవరిలో పోటీలకి పసుప్పచ్చ బస్సులో వెళ్ళి పతకాలతో వచ్చాం. రెండు పార్టీలూ ఎవరి పతకాలు వాళ్ళు వేరు వేరు గాజు బీరువాల్లో పెట్టుకున్నాయి. మార్చిలో పిడుగు పడింది. స్కూలు బోర్డువాళ్ళు ఖర్చు తగ్గించాలన్నారు. వచ్చే ఏడాది నుంచి బ్యాండో ఆర్కెస్ట్రానో ఏదో ఒకటే ఉంటుంది. ఏది ఉంచాలో తేల్చడానికి గురువారం సాయంత్రం ఆరింటికి స్కూలు భోజనశాలలో సభ. రెండు శాఖల మాస్టార్లూ వచ్చి ఎవరి వాదన వాళ్ళు చెప్పుకోవచ్చు.

మా ఊళ్ళో ఆ వారం ఇంకో మాట లేదు. మంగలి దుకాణంలో, పాలకేంద్రంలో, చర్చి మెట్ల మీద ఒకటే ప్రశ్న: ఎవరు గెలుస్తారు?

"టోపీ గెలుస్తాడు. గొంతు పెద్దది" అంది గ్వెన్.

"టై గెలుస్తాడు. మాట పదును" అంది చెల్లో పిల్ల.

"ఇద్దరూ ఒకళ్ళేనే" అన్నాను నేను, ఏడుపొచ్చి. నాకు రెండూ కావాలి. పొద్దున హార్న్, మధ్యాహ్నం వయోలా. ఏది పోయినా నాలో సగం పోయినట్టే.

"ఒకళ్ళే అయితే ఎలా పోట్లాడుకుంటారు?" అంది గ్వెన్, నాకే మతి పోయినట్టు చూసి.

గురువారం భోజనశాల కిటకిటలాడింది. మధ్యాహ్నం వండిన చిల్లీ అనే బీన్సు కూరా దాల్చినచెక్క రోల్సూ ఇంకా గాల్లో వాసనేస్తున్నాయి. కుడివైపు ఎర్రటోపీల వాళ్ళు, ఎడమవైపు కాగితాలతో చేసుకున్న ఆకుపచ్చ టైల వాళ్ళు. నేను మధ్యలో నడవాలో నిలబడ్డాను. బోర్డు అధ్యక్షుడు మిల్టన్ బ్రాట్, ట్రాక్టర్ల వ్యాపారి, టోలెఫ్సన్ గారితో కలిసి చదువుకున్నవాడు.

"ఆర్విడ్, నీకు అయిదు నిమిషాలు" అన్నాడు.

"నాకు అయిదు, ఆయనకి అయిదు."

మిల్టన్ కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. "సరే. ముందు ఎవరు?"

ఆయన జేబులోంచి టోపీ తీసి పెట్టుకున్నాడు. కుడివైపు వాళ్ళు బల్లలు చరిచారు.

"ఆరేళ్ళనుంచి ఆ టై పెద్దమనిషితో వేగుతున్నాను" అని మొదలెట్టాడు, కిటికీ అద్దాలు అదిరేలా. "నెమ్మది మనిషి. నసుగుడు. నగారాలు ఇచ్చిపుచ్చుకోవడం తెలియదు. ఇవన్నీ మీకు తెలిసినవే. తెలియంది చెబుతాను. నా బ్యాండులో అరవైమంది ఊదుతుంటే ఒకడు తప్పు ఊదినా ఎవరికీ తెలియదు. ఆ గదిలో ఒక్క వయోలిన్ తప్పితే అందరికీ తెలుస్తుంది. తెలిసినా ఎవరూ నవ్వరు. ఆగి, మళ్ళీ వాయిస్తారు. నెమ్మదిగా మాట్లాడే పిల్లలకి ఈ స్కూల్లో అదొక్కటే చోటు. తలుపు సందులోంచి నేను చాలాసార్లు విన్నాను. ఒకటే ఉంచాలంటే అది ఉంచండి. నాది మూసెయ్యండి."

బల్లల చప్పుడు ఆగిపోయింది. గ్వెన్ నోరు తెరిచి మూయడం మర్చిపోయింది.

ఆయన టోపీ తీశాడు. టై బయటికి తీశాడు. అది క్లిప్పుతో తగిలించుకునేది. క్లిప్పు పట్టక కింద పడింది. వంగి తీసుకున్నాడు, మళ్ళీ జారింది. అప్పుడు ముందు వరసలోంచి మిసెస్ హేగెడోర్న్ లేచింది. ఆరేళ్ళుగా ఆయన ఉత్తరాలు చదివి చదివి తలనొప్పి మాత్రలు మింగిన మనిషి. వచ్చి, టై తీసి, ఆయన కాలరుకి సరిగ్గా తగిలించి, రెండు వేళ్ళతో సర్ది, "ఊఁ, చెప్పండి" అంది.

టై పెద్దమనిషి గొంతు వినడానికి మూడొందలమంది ముందుకి వంగారు.

"ఆ టోపీ ఆసామి అబద్ధమాడాడు" అన్నాడు. "మొదటిసారి కాదు. ఆయన గోలవల్ల నా మధ్యాహ్నాలు పాడయ్యాయి, నిజమే. కానీ నవంబరులో, చలిలో, మనం నలభై పాయింట్లతో ఓడిపోతుంటే, జనమంతా కార్లెక్కి వెళ్ళిపోతే, చివరిదాకా కూర్చుని వాయించింది ఆ పిల్లలు. మీలో ఎవరింట్లో సైన్యంలో పనిచేసిన పెద్దాయన పోయినా, సమాధి దగ్గర ట్రంపెట్ ఊదింది ఆ గదిలోంచి వచ్చిన పిల్లే. కొత్తగా ఊరికొచ్చిన పిల్ల మొదటిరోజు ఒంటరిగా భోజనం చెయ్యకుండా ఉందంటే, ఆ అరవైమంది మధ్య ఒక కుర్చీ ఉండబట్టి. నా గదిలో ముప్ఫై కుర్చీలే పడతాయి. ఆయనది ఉంచండి. నాది మూసెయ్యండి."

మిల్టన్ బ్రాట్ చాలాసేపు కాగితాలు అటూ ఇటూ తిప్పాడు.

"ఆర్విడ్, నాకు అర్థం కావడం లేదు. బ్యాండు మాస్టారు బ్యాండు మూసెయ్యమంటాడు. ఆర్కెస్ట్రా మాస్టారు ఆర్కెస్ట్రా మూసెయ్యమంటాడు. ఇంతకీ మీ ఇద్దరూ ఏమంటారు?"

"ఆరేళ్ళలో మా ఇద్దరికీ ఒక మాట మీద పొత్తు కుదరడం ఇదే మొదటిసారి" అన్నాడు ఆయన. "అవతలివాడిది ఉండాలని."

వెనక ఎవరో ముక్కు చీదారు. మా నాన్నే. ఆయన జన్మలో ఏ వాయిద్యమూ ముట్టుకోలేదు.

"ఏది మూసెయ్యాలో ఎవరైనా ప్రతిపాదించండి" అన్నాడు మిల్టన్. బోర్డులో ఏడుగురు. ఒకళ్ళు పైకప్పు చూశారు, ఒకళ్ళు గోళ్ళు చూసుకున్నారు. నేను ఊపిరి బిగబట్టి ఒకటి నుంచి లెక్కపెట్టాను. ముప్ఫై రెండు దాకా ఎవరూ నోరెత్తలేదు. ముప్ఫై మూడు దగ్గర మిసెస్ స్టెలిక్ అనే ముసలావిడ చెవిలో యంత్రం సర్దుకుని లేచింది.

"రెండూ ఉండాలి. ఇంకో మాస్టారుని వెయ్యండి. ఇద్దరి పని ఒక్కడే చేస్తున్నాడు, పాపం, ఇద్దరూ అలిసిపోయారు. ఫుట్‌బాల్ మైదానానికి కొత్త దీపాలు ఇంకో రెండేళ్ళు ఆగితే ఏం, బంతి కనపడదా?"

నలుగురు చేతులెత్తారు, ముగ్గురు ఎత్తలేదు. చాలు. ఆ తరవాత భోజనశాలలో ఏం జరిగిందో వరసగా చెప్పలేను. ఎర్రటోపీలూ ఆకుపచ్చ టైలూ గాల్లోకి లేచాయి. గ్వెన్ నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది, ట్యూబా మోసిన భుజాలు కదా. దించాక చూస్తే నా తలమీద టోపీ ఉంది, మెడలో టై ఉంది.

మే నెలలో బ్యాండూ ఆర్కెస్ట్రా కలిసి కచేరీ చేశాం. అంతకుముందెప్పుడూ లేదు. ఎవరు నడిపిస్తారని అందరికీ ఆత్రం. తెర లేచాక ఆయన టోపీ, టై రెండూ పెట్టుకుని వచ్చాడు. చివర్న జనం లేచి నిలబడితే, కుడిచేత్తో తన ఎడమచెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు. ఆ నవ్వులకి తెర లాగే మనిషి తాడు వదిలేశాడు.

ఆగస్టులో కొత్త మాస్టారమ్మ వచ్చింది. మిస్ ఒటిలీ రెన్నర్. అప్పుడే కాలేజీ ముగించుకుని వచ్చింది, దూదిలాంటి మనిషి. కుర్చీకి కాలు తగిలితే కుర్చీకి క్షమాపణ చెప్పేది. మాస్టారు టై తీసి ఆవిడకి అప్పగించేశాడు. ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు తలుపులు తెరిచి పట్టుకునేవాళ్ళు. "ముందు మీరు." "లేదు, మీరు." చూస్తుంటే మాకు బెంగ పట్టుకుంది.

మూడో వారంలో గ్వెన్ అడుగులు తప్పింది, చీవాట్లు తింది. మధ్యాహ్నం భోజనం ముందు పెట్టుకుని ముట్టలేదు.

"ఇప్పుడు ఎక్కడికి పోయి చెప్పుకోను?" అంది.

"ఇదివరకు ఎక్కడ చెప్పుకునేదానివి? నువ్వు ఆర్కెస్ట్రాలో లేవుగా."

"లేకపోతేనేం. తిట్లు తిన్న ప్రతిసారీ భోజనాల వేళ ఆ గదికి పోయేదాన్ని. ఆయనమీద ఆయనకే చెప్పుకునేదాన్ని. మర్నాటికి ఆయన దారికొచ్చేవాడు." పళ్ళెం పక్కకి జరిపి అంది. "నేనొక్కదాన్నే కాదు. ట్రంపెట్లవాళ్ళు సోమవారం పోయేవాళ్ళు. డ్రమ్ములవాళ్ళకి రోజూ పనే. మీ వయోలిన్లవాళ్ళు ఇటు వచ్చి ఆయనకి చెప్పేవాళ్ళు, టై ఆయన మాటలతో గుచ్చాడని."

నేను చెంచా కింద పెట్టాను. మూడేళ్ళపాటు నేనొక్కదాన్నే అనుకున్నాను. స్కూల్లో తిట్లు తిన్న ప్రతి పిల్లకీ తన పక్షాన మాట్లాడే ఇంకో మాస్టారు ఒకడుండేలా ఆరేళ్ళు ఆయన ఒక్కడే ఇద్దరుగా బతికాడు.

"పద" అన్నాను. "మిస్ రెన్నర్‌కి చెబుదాం. ఎవరో ఒకరు చెప్పాలి కదా."

ఆర్కెస్ట్రా గదిలో ఎవరూ లేరు. సామాన్ల గదిలోంచి మాటలు వినిపించాయి. తలుపు ఓరగా ఉంది.

"...నాకు చేతకాదు మిస్టర్ టోలెఫ్సన్. మీరు పెద్దవారు."

"చేతనవ్వాలి మిస్ రెన్నర్. నేనొక పిల్లని ఇవాళ తిట్టాను. నేను తిట్టిన పిల్ల మీ దగ్గరికి రావాలి. మీరు తిట్టిన పిల్ల నా దగ్గరికి రావాలి. మనం ఇలా పాలూ తేనెలా ఉంటే వాళ్ళు ఎవరి దగ్గరికి పోతారు చెప్పండి? ఇద్దరం ఒకటే అనుకుంటారు. కానివ్వండి. మొదటినుంచి."

చిన్న దగ్గు వినిపించింది. "మీ... మీ బ్యాండు గోల భరించలేకపోతున్నాను."

"కచేరీ ఆఖరి వరసకి వినపడాలి."

"మీ బ్యాండు గోల భరించలేకపోతున్నాను."

"బాగుంది. 'గోల' అన్న దగ్గర ఇంకాస్త నొక్కండి. ఇప్పుడు నా టోపీ గురించి ఒక మాట."

"టోపీ బాగానే ఉందండీ."

"మిస్ రెన్నర్."

"సరే సరే. ఆ టోపీ... ఆ టోపీని ఎవరైనా పొలంలో దిష్టిబొమ్మకి పెడితే... కాకులు కూడా నవ్వుతాయి."

లోపల చప్పట్లు వినిపించాయి. తరవాత టోలెఫ్సన్ గారి గొంతు, పొంగిపోతూ: "అద్భుతం. ఇది ఎక్కడా నేర్పరు. మళ్ళీ ఒకసారి, ఈసారి బల్ల గుద్దుతూ. ఒకటి, రెండు, మూడు..."

గ్వెన్ రెండు చేతులతో నోరు మూసుకుంది. దాని భుజాలు ఊగిపోతున్నాయి. నేను దాని చెయ్యి పట్టుకుని చప్పుడు కాకుండా వెనక్కి లాగి, తలుపుకి ఎదురుగా ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టాను. "మొహం దిగులుగా పెట్టుకో" అన్నాను చెవిలో. "ఆవిడ బయటికొస్తోంది."